25 వేల కుర్చీకి ముందు లాప్‌టాప్ కింద నాలుగు లావు పుస్తకాలు పెట్టండి

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. వయసు 29, ఎత్తు 5 అడుగుల 1 అంగుళం. రెండేళ్లుగా విజయవాడలో ఇంటి నుంచే పని. డైనింగ్ టేబుల్ మీద లాప్‌టాప్ పెట్టుకుని రోజుకు 9, 10 గంటలు కూర్చుంటున్నారు. మెడ, కుడి గూడ లాగేస్తున్నాయి, సాయంత్రానికి నడుం పట్టేస్తోంది. ఈమధ్య తెల్లవారుజామున కుడిచేతి బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు తిమ్మిరెక్కి మెలకువ వచ్చేస్తోంది, చెయ్యి విదిలిస్తే తగ్గుతోంది. మీవారు 25 వేలు పెట్టి మంచి కుర్చీ కొందామంటున్నారు. మీ అత్తగారేమో "కింద కూర్చుని చేసుకో, మా రోజుల్లో ఈ నడుం నొప్పులు ఎక్కడివి" అంటున్నారు. ఇద్దరిలో ఎవరి మాట వినాలి?

ముందు జవాబు చెప్పేస్తాను. కుర్చీ ఇప్పుడే కొనకండి. వెయ్యి, పదిహేను వందల్లో విడిగా ఒక కీబోర్డు, మౌస్ తెచ్చుకోండి. లాప్‌టాప్‌ని ఎత్తు మీద పెట్టండి. ఇప్పుడున్న కుర్చీ మీద గట్టి దిండు, కాళ్ల కింద పీట వేసుకోండి. అరగంటకోసారి లేవండి. వేళ్ల తిమ్మిరి మాత్రం వేరే సంగతి. అది ఏ కుర్చీతోనూ పోదు, దానికి డాక్టర్‌ని కలవాలి. ఎందుకో కింద రాస్తున్నాను.

నేను ఫిజియోథెరపిస్టుని, 17 ఏళ్లుగా ఇదే పని. మా క్లినిక్ హైదరాబాద్ కొండాపూర్ వైపు కాబట్టి నా దగ్గరికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది కంప్యూటర్ ముందు కూర్చునేవాళ్లే. మెడ నొప్పి అంటూ వచ్చిన ప్రతి ఒక్కరికీ మొదటి రోజే ఒక పని చెబుతాను. మధ్యాహ్నం నాలుగింటప్పుడు, మీకు తెలియకుండా, మీ ఇంట్లోవాళ్లను పక్క నుంచి ఒక ఫోటో తీయమనండి అని. తెలిసి తీయించుకుంటే అందరూ నిటారుగానే కూర్చుంటారు.

పోయిన ఏడాది ఒకతను అలా తెచ్చిన ఫోటో ఇప్పటికీ గుర్తుంది. కుర్చీ చాలా ఖరీదైనది, 40 వేల దాకా పెట్టానన్నాడు. నడుం దగ్గర ఒంపు తిరిగిన ఆసరా, తలకు ఆసరా, అన్నీ ఉన్నాయి. ఫోటోలో అతని వీపుకీ ఆ ఆసరాకీ మధ్య బెత్తెడు ఖాళీ. మనిషి ముందుకు వంగి, గడ్డం లాప్‌టాప్ మీదికి చాచి ఉన్నాడు. అంత డబ్బు పోసి కొన్న ఆసరా అతని ఒంటికి తగలనే లేదు. కారణం కుర్చీ కాదు. తెర కిందికి ఉంది, చిన్న అక్షరాలు కనిపించాలంటే ముందుకు వంగక తప్పదు. కళ్లు ఎటు పోతే తల అటు పోతుంది, తల వెనకే వీపు పోతుంది.

లాప్‌టాప్‌తో చిక్కంతా ఇక్కడే. తెర, కీబోర్డు ఒకదానికొకటి అతుక్కుని ఉంటాయి. కీబోర్డు చేతులకు సరిపోయే ఎత్తులో ఉంటే తెర మరీ కిందికి పోతుంది. తెరను కళ్ల ఎత్తుకు లేపితే చేతులు గాల్లోకి లేస్తాయి. రెండూ ఒకేసారి కుదిరే వీలే లేదు. బస్సులోనో రైల్లోనో ఓ గంట పని చేసుకోవడానికి ఆ అమరిక సరిపోతుంది, పది గంటలకు సరిపోదు. మన తల బరువు సుమారు 5 కిలోలు. 5 కిలోల బియ్యం సంచిని ఛాతీకి ఆనించి పట్టుకుంటే కాసేపు మొయ్యగలం. అదే సంచిని చెయ్యి ముందుకు చాపి పట్టుకోమంటే నిమిషం తిరక్కుండానే భుజం వణుకుతుంది. తల ముందుకు వాలినప్పుడు మెడ వెనక కండరాలు పడే పాటు అలాంటిదే. మీ మెడ రోజూ ఆ సంచిని చాపిన చేత్తో మోస్తోంది.

ఇక మీ టేబుల్ సంగతి. మీరు ఎత్తు రాశారు కాబట్టి లెక్క వేసి చెప్పగలుగుతున్నాను. ఇది కాస్త ఓపిగ్గా చదవండి, ఎందుకంటే మన ఆడవాళ్లలో చాలామంది గూడ నొప్పికి మూలం ఇక్కడే కనిపిస్తుంది నాకు.

మామూలు డైనింగ్ టేబుల్ ఎత్తు 30 అంగుళాలు, అంటే 75, 76 సెంటీమీటర్లు. దాని కుర్చీ 18 అంగుళాలు, అంటే 45 సెంటీమీటర్లు. మీ ఎత్తు మనిషికి పాదం నుంచి మోకాలి మడత దాకా దాదాపు 40 సెంటీమీటర్లు ఉంటుంది. కూర్చున్నప్పుడు సీటు నుంచి మోచేయి దాకా దాదాపు 22. అంటే ఆ కుర్చీలో కూర్చుంటే మీ మోచేయి నేల నుంచి 67 సెంటీమీటర్ల ఎత్తులో ఉంటుంది. టేబుల్ 75లో ఉంది. మధ్యలో 8 సెంటీమీటర్లు తక్కువ. ఆ 8 సెంటీమీటర్లు మీరు ఎలా పూడుస్తున్నారో తెలుసా? భుజాలు పైకి లాక్కుని. చెవుల వైపు లేచిన ఆ భుజాలు రోజంతా అక్కడే ఉండిపోతున్నాయి. కుడి చెయ్యి మౌస్ కోసం ఇంకా దూరం చాచాలి కాబట్టి కుడి గూడ ముందు మొరపెట్టుకుంటోంది. అదే సమయంలో సీటు మీ కాళ్లకు 5 సెంటీమీటర్లు ఎక్కువ. మడమలు నేలకు సరిగా ఆనవు, సీటు అంచు తొడల కింద ఒత్తుకుంటుంది. అది తట్టుకోలేక మీరు సీటు చివరికి జరుగుతారు. దాంతో వీపుకు ఆసరా పోతుంది, సాయంత్రానికి నడుం పట్టేస్తుంది.

చూశారా, మీ మూడు నొప్పులకూ ఒకే టేబుల్ కారణం. ఇందులో మీరు కూర్చోవడం రాకపోవడం అనేదేమీ లేదు. ఆ టేబుల్ మీకన్నా పొడుగు మనిషి భోంచెయ్యడానికి చేసింది, టైపు చెయ్యడానికి కాదు.

టేబుల్ కాళ్లు కోయలేం కాబట్టి మిమ్మల్ని పైకి లేపాలి. కుర్చీ మీద గట్టి దిండు వేయండి. మీరు కూర్చున్నాక, అది అణిగిపోయాక కూడా 3 అంగుళాలు మిగలాలి. మెత్తటి సోఫా దిండు పనికిరాదు. పాత దుప్పటిని గట్టిగా మడత పెట్టి వేసినా చాలు. ఇప్పుడు మోచేయి టేబుల్ ఎత్తుకు వస్తుంది, భుజాలు కిందికి జారతాయి. అయితే కాళ్లు ఇంకా పైకి లేచిపోతాయి, దాదాపు 5 అంగుళాలు. అందుకని పాదాల కింద పీట. ఇంట్లో భోజనాల పీట ఉంటుంది కదా, దాని ఎత్తు చాలకపోతే కింద ఒక పుస్తకం కలపండి. రెండు పాదాలూ పూర్తిగా ఆనాలి, మోకాళ్లు తుంటి ఎత్తులోనో అంగుళం కిందో ఉండాలి.

తర్వాత లాప్‌టాప్. మీ ఇంట్లో ఎవరివైనా పాత ఎంసెట్ పుస్తకాలు ఉంటే అవి బాగా పనికొస్తాయి, లావుగా, కదలకుండా ఉంటాయి. 8, 9 అంగుళాలు లేపండి. తెర పై అంచు మీ కంటి ఎత్తులోనో కొద్దిగా కిందికో రావాలి. తెరకూ ముఖానికీ మధ్య ఒక చేతి దూరం. చెయ్యి చాపితే వేళ్ల చివరలు తెరకు తగలాలి. అంత దూరంలో అక్షరాలు కనిపించకపోతే మెడ చాచకండి, అక్షరాల సైజు పెంచండి. కీబోర్డు వెనక వైపు చిన్న కాళ్లు ఉంటాయి, వాటిని ఎత్తకుండా మూసేసే ఉంచండి, ఎత్తితే మణికట్టు వెనక్కి విరుచుకుంటుంది. కొనేటప్పుడే కుడి పక్క అంకెల మీటలు లేని చిన్న కీబోర్డు తీసుకుంటే మౌస్ మూడు నాలుగు అంగుళాలు దగ్గరికి వస్తుంది. మీ కుడి గూడకి అదొక్కటే ఎంత ఉపశమనమో వారంలో మీకే తెలుస్తుంది.

ఒక మినహాయింపు చెప్పాలి, ఎందుకంటే ఇది చదివే పెద్దవాళ్లకు అవసరం. దగ్గర చూపు, దూరం చూపు ఒకే అద్దంలో ఉండే కళ్లజోడు వాడేవాళ్లు తెరను అంత ఎత్తు పెట్టకూడదు. వాళ్లు అద్దం కింది భాగంలోంచి చూడాలి కాబట్టి గడ్డం పైకెత్తి, తల వెనక్కి వాల్చి చూస్తారు. బ్యాంకులో పనిచేసే ఒకావిడ ఎవరో చెప్పారని మానిటర్‌ని ఎత్తించుకుని, మెడ నొప్పి రెట్టింపయి నా దగ్గరికి వచ్చారు. మానిటర్ కింద స్టాండ్ తీసేయించాను, కంప్యూటర్ దూరానికి మాత్రమే సరిపడే కళ్లజోడు ఒకటి విడిగా రాయించుకోమన్నాను. పది రోజుల్లో తేలిక పడ్డారు.

ఇప్పుడు మీ వేళ్ల తిమ్మిరి. మీరు దాన్ని చివర్లో, ఏదో మాటవరసకి అన్నట్టు రాశారు. నాకు అన్నిటికన్నా ముఖ్యంగా కనిపించింది అదే. బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు, రాత్రిపూట ఎక్కువ, చెయ్యి విదిలిస్తే తగ్గడం. ఇవి మణికట్టు దగ్గర నరం నలుగుతున్నప్పుడు కనిపించే లక్షణాలు. దాన్ని కార్పల్ టన్నెల్ అంటారు. అదే చిటికెనవేలు, ఉంగరపువేలులో తిమ్మిరైతే వేరే నరం, మోచేయి దగ్గర నలుగుతూ ఉండొచ్చు. టేబుల్ అంచుకు మోచేతులు ఆనించి కూర్చునేవాళ్లలో అది చూస్తుంటాను.

కార్పల్ టన్నెల్ అనగానే అందరూ కీబోర్డునే తిడతారు. కానీ కీబోర్డుకూ దానికీ సంబంధం జనం అనుకున్నంత బలమైనది కాదు. షుగర్, థైరాయిడ్ తక్కువగా ఉండటం, గర్భం, బరువు పెరగడం, వీటి వల్ల కూడా అది వస్తుంది. మా క్లినిక్‌కి మౌస్ మార్చాలా అని అడగడానికి వచ్చిన ఒకమ్మాయికి రక్తపరీక్ష చేయిస్తే థైరాయిడ్ బయటపడింది. మందు మొదలుపెట్టిన కొన్ని నెలలకు తిమ్మిరి తగ్గిపోయింది. అందుకే మీరు ఈ వారంలోనే డాక్టర్‌ని కలిసి షుగర్, థైరాయిడ్, విటమిన్ బి12 పరీక్షలు చేయించుకోండి. గర్భం వచ్చే అవకాశం ఉంటే ఆ మాటా చెప్పండి. అవసరమనుకుంటే నరాల పరీక్ష రాస్తారు. ఈలోగా రాత్రి మణికట్టు ముడుచుకోకుండా నిటారుగా ఉంచే పట్టీ కట్టుకుని పడుకోండి, మందుల షాపులో దొరుకుతుంది. బుగ్గ కింద చెయ్యి మడిచి పడుకునే అలవాటుంటే మానండి. వస్తువులు చేతిలోంచి జారిపోతున్నా, బొటనవేలి మొదట్లో ఉబ్బెత్తుగా ఉండే కండ పల్చబడినట్టు కనిపించినా అసలు ఆలస్యం చేయకండి. నరం ఎక్కువకాలం నలిగితే ఆ కండ తిరిగి రావడం కష్టం.

మీ అత్తగారి మాటకొస్తాను. ఆవిడ చెప్పినదాంట్లో నిజం ఉంది, కాకపోతే ఆవిడ దానికి చెప్పే కారణం వేరు. వాళ్ల రోజుల్లో కింద కూర్చున్నా పది నిమిషాలకోసారి లేచేవాళ్లు. పొయ్యి దగ్గరికి, నూతి దగ్గరికి, పెరట్లోకి. కూర్చోవడం, లేవడం, వంగడం, మొయ్యడం అన్నీ కలిసి ఉండేవి. మీరు బాసింపట్టు వేసుకుని, నేల మీద లాప్‌టాప్ పెట్టుకుని మూడు గంటలు కదలకుండా కూర్చుంటే మెడ టేబుల్ దగ్గరకన్నా ఎక్కువ వంగుతుంది, నడుం గుండ్రంగా ముడుచుకుంటుంది. మోకాళ్లు పట్టేస్తాయి. కాబట్టి టైపింగ్ పని కింద వద్దు. కానీ ఊరికే వినే మీటింగులు, ఫోన్లు ఉంటాయి కదా, వాటిలో ఒకటి గోడకు ఆనుకుని చాప మీద కూర్చుని చేయండి. ఇంకొకటి నిలబడి, మరొకటి వరండాలో నడుస్తూ. కింద నుంచి చేతుల ఆసరా లేకుండా లేవగలగడం తుంటికీ తొడలకీ మంచి వ్యాయామం. ఆ అలవాటు మీకుంటే పోగొట్టుకోకండి.

నా పనిలో నాకు గట్టిగా కుదిరిన నమ్మకం ఏమిటంటే, ఎంత మంచి భంగిమ అయినా గంట దాటితే చెడ్డదే. 2006లో స్కాట్లాండ్‌లో 22 మందిని రకరకాలుగా కూర్చోబెట్టి ఎంఆర్ఐ తీశారు. నిటారుగా 90 డిగ్రీలలో కూర్చున్నప్పటికన్నా, వెనక్కి వాలి వీపు, తొడల మధ్య 135 డిగ్రీలు ఉన్నప్పుడు వెన్నుపూసల మధ్య డిస్కుల మీద ఒత్తిడి తక్కువగా కనిపించింది. బడిలో నేర్పిన "కర్రలా నిటారుగా" అన్నదాన్ని పట్టుకుని బిగుసుకుపోయేవాళ్లకు నేను ఇది చెబుతాను. చదివే పనప్పుడు వెనక్కి వాలండి, టైపు చేసేటప్పుడు నిటారుగా రండి, విసుగనిపిస్తే నిలబడండి.

లేవడానికి అలారం పెట్టుకోమంటే రెండో రోజుకే దాన్ని ఆపేస్తారు, నేను చూస్తూనే ఉన్నాను. దానికి బదులు టేబుల్ మీద రెండు లీటర్ల బాటిల్ తీసేసి చిన్న గ్లాసు పెట్టుకోండి. గ్లాసు అయిపోగానే వంటింటి దాకా వెళ్లాల్సి వస్తుంది. తాగిన నీళ్లు ఇంకోసారి లేపుతాయి. ఫోన్ ఛార్జర్ పక్క గదిలో పెట్టండి. లేచినప్పుడు కిటికీలోంచి దూరంగా చూడండి. తెర చూస్తున్నప్పుడు మనం కళ్లు ఆర్పడం బాగా తగ్గిపోతుంది, కళ్ల మంటలు అందుకే. 20 నిమిషాలకోసారి 20 అడుగుల దూరంలోకి 20 సెకన్లు చూడమని కంటి డాక్టర్లు చెప్పేది అందుకే.

ఇక వ్యాయామం. దీని గురించి ఎక్కువ రాయాలని ఉంది, ఎందుకంటే కుర్చీల మీద పెట్టే శ్రద్ధలో పదో వంతు కూడా ఎవరూ దీని మీద పెట్టరు. డెన్మార్క్‌లో మెడ, భుజం నొప్పులతో బాధపడుతున్న 198 మంది ఉద్యోగుల మీద ఒక పరిశోధన చేసి 2011లో ప్రచురించారు. ఒక గుంపు రోజుకు 2 నిమిషాలు, ఇంకో గుంపు 12 నిమిషాలు సాగే రబ్బరు తాడుతో చేతులు పక్కలకు ఎత్తే ఒకే ఒక్క వ్యాయామం చేశారు. వారానికి 5 రోజులు, 10 వారాలు. ఏమీ చేయనివాళ్లతో పోలిస్తే రెండు గుంపుల్లోనూ నొప్పి తగ్గింది. 12 నిమిషాల వాళ్లకు కొంచెం ఎక్కువ తగ్గింది, కానీ 2 నిమిషాలకు కూడా ఫలితం కనిపించింది. రెండు నిమిషాలు! టీ కాగేంత సేపు కూడా కాదు.

ఎలా చేయాలంటే, తాడు మధ్యభాగం పాదాల కింద తొక్కి పట్టుకోండి. రెండు చివరలూ చేతుల్లో. మోచేతులు కొద్దిగా వంచి, చేతుల్ని పక్కలకు భుజం ఎత్తు వరకు మెల్లగా లేపండి, మెల్లగా దించండి. భుజాలు చెవుల వైపు లేవకూడదు. మొదటి వారం సులువైన తాడుతో, అలసట తెలిసేదాకా మాత్రమే. తాడు 300, 400 రూపాయలకు దొరుకుతుంది. దీనికి తోడు కుర్చీలోంచి చేతులు పెట్టకుండా పదిసార్లు లేచి కూర్చోండి, పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి. చేతిలోకి జివ్వున లాగినా, తిమ్మిరి పెరిగినా ఆపేసి మీ డాక్టర్‌కి చెప్పండి.

ఎవరైనా మిమ్మల్ని వెంటనే ఎంఆర్ఐ తీయించుకోమంటే కంగారు పడకండి. 2015లో వచ్చిన ఒక సమీక్షలో, ఏ నొప్పీ లేని 20 ఏళ్లవాళ్లలోనే 37 శాతం మందికి డిస్కు అరుగుదల కనిపించింది. 30 శాతం మందికి డిస్కు ఉబ్బు కూడా ఉంది. "డిస్కు ఉబ్బింది" అని రిపోర్టులో చదివి ఏడుస్తూ వచ్చినవాళ్లను నేను చాలామందిని చూశాను, వాళ్లలో ఎక్కువమంది ఏ ఆపరేషనూ లేకుండా బాగైపోయారు. నెలల తరబడి మెడకు పట్టీ, నడుముకు బెల్టు కట్టుకోవడం కూడా వద్దు, కండరాలు ఇంకా బలహీనపడతాయి.

అయితే ఇవి కనిపిస్తే మాత్రం ఇంట్లో దిండ్లు సర్దుకుంటూ కూర్చోకూడదు. మూత్రం, విరేచనం అదుపు తప్పడం, తొడల మధ్య స్పర్శ తెలియకపోవడం, పాదం పైకి లేవకపోవడం, రెండు చేతులూ మొద్దుబారి నడక తడబడటం. వీటిలో ఏది వచ్చినా అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి. జ్వరంతో, బరువు తగ్గడంతో కలిసి వచ్చే నడుం నొప్పి, పడుకున్నా తగ్గని నొప్పి కూడా డాక్టర్ చూడాల్సినవే. ఎడమ చేతి నొప్పితో పాటు ఛాతీ బరువు, చెమటలు ఉంటే అది మెడ నొప్పి అనుకుని ఊరుకోకండి.

మీవారు అభిమానంతో కుర్చీ కొంటానంటున్నారు, ఆ డబ్బు ఎక్కడికీ పోదు. పైన చెప్పినవన్నీ రెండు నెలలు చేశాక కొంటే అప్పుడు మీకేం కావాలో మీకే తెలుస్తుంది. కొనేటప్పుడు షాపుకి మీరే వెళ్లండి, ఆయన కూర్చుని చూస్తే లాభం లేదు. టేపు తీసుకెళ్లండి. సీటు 40 సెంటీమీటర్ల దాకా దిగాలి. చాలా కుర్చీలు 45 దగ్గరే ఆగిపోతాయి, మన ఎత్తుకి అవి పనికిరావు. వీపు పూర్తిగా ఆనించి కూర్చుంటే మోకాలి వెనక మడతకూ సీటు అంచుకూ మధ్య రెండు మూడు వేళ్లు పట్టాలి. చేతుల ఆసరా టేబుల్ కిందికి దూరేలా ఎత్తు మారాలి, లేదంటే అదే మిమ్మల్ని టేబుల్‌కి దూరంగా నెడుతుంది. వీపు వెనక్కి వాలాలి. తల ఆసరా కోసం అదనంగా డబ్బు పెట్టొద్దు. ఆ 25 వేలలో కొంత కీబోర్డు కిందికి దించుకునే ట్రేకో, ఎత్తు తగ్గే టేబుల్‌కో పెట్టగలిగితే మీ ఎత్తుకి కుర్చీకన్నా అదే ఎక్కువ ఉపయోగం. అప్పుడు దిండు, పీట కూడా అక్కర్లేదు.

ఈ ఆదివారం టేపు పట్టుకుని నాలుగు కొలతలు తీయండి: టేబుల్ ఎత్తు, కుర్చీ ఎత్తు, కూర్చున్నప్పుడు నేల నుంచి మోచేయి, నేల నుంచి కన్ను. నేను పైన వేసింది సగటు లెక్క, మీ ఒంటి కొలతలు అంగుళం అటూ ఇటూ ఉండొచ్చు. ఆ నాలుగు అంకెలు, రక్తపరీక్షలో ఏం వచ్చిందీ ఇక్కడే రాయండి. దిండు ఎంత, పీట ఎంత, ఎన్ని పుస్తకాలు అన్నది సరిచేసి చెబుతాను.